పెద్దమ్మ ఉన్న ఊరి పక్కనే ఎంఎఫ్ఏ కావాలంటే

మా పాత స్టూడెంట్ ఒకమ్మాయి వేసవి సెలవుల్లో ఇంటికొచ్చింది. ఎస్వీ యూనివర్సిటీలో ఇంగ్లిష్ ఎంఏ చేసి, తిరుపతిలోనే ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతోంది. కథలు రాస్తుంది, బాగా రాస్తుంది. అమెరికాలో క్రియేటివ్ రైటింగ్‌లో ఎంఎఫ్ఏ (మాస్టర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్, అంటే కథలూ కవితలూ రాయడంలో పీజీ) చేయాలని ఆశ. నోటుబుక్కులో కాలేజీల పట్టిక గీసుకుని తెచ్చింది. మొదటి గడి రాష్ట్రం. పై నుంచి కింది దాకా అన్నీ టెక్సాసే. ఎందుకమ్మా ఇట్లా అంటే, "పెద్దమ్మ వాళ్లు డాలస్‌లో ఉన్నారు మేడమ్, అక్కడికైతేనే ఇంట్లో ఒప్పుకుంటారు" అంది. ఫీజు ఎవరు కడతారు, బతకడానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది అన్న గడి ఆ పట్టికలో లేదు.

అప్పట్నుంచీ ఈ సంగతి నా బుర్రలో తిరుగుతూనే ఉంది. ఆ అమ్మాయితో, వాళ్లమ్మతో, మా కాలేజీ తెలుగు సార్‌తో వాదించగా వాదించగా నాకు గట్టిపడిన అభిప్రాయం ఇది: కథలు రాయడం నేర్చుకోవడానికి అప్పు చేసి అమెరికా వెళ్లకూడదు. ఫీజు మాఫీ చేసి, నెలనెలా స్టైపెండ్ ఇచ్చి, ఆరోగ్య బీమా కూడా విశ్వవిద్యాలయమే చూసుకుంటేనే వెళ్లాలి. అలా ఇచ్చే చోటు ఏ మూల ఉన్నా అక్కడికి వెళ్లడానికి సిద్ధపడాలి. ప్రాంతం ఎంచుకోవడం ఆఖర్న చేయాల్సిన పని.

వినడానికి తేలిగ్గానే ఉంటుంది. ఆచరణలో ఇది ఇంట్లో అందరితోనూ పేచీ.

ఎంఎస్ లెక్క ఇక్కడ కుదరదు

మన దగ్గర ప్రతి వీధికీ అమెరికా లెక్క ఒకటి నోటికొచ్చు. ఎంఎస్‌కు లోను, రెండేళ్ల చదువు, తర్వాత ఓపీటీ (చదువయ్యాక కొన్నాళ్లు అక్కడ పనిచేసుకునే అనుమతి) మీద ఉద్యోగం, ఆ జీతంతో లోను తీర్చడం. ఈ మధ్య ఆ లెక్కకూ గ్యారంటీ లేదు గానీ, కనీసం లెక్కంటూ ఒకటుంది. ఎంఎఫ్ఏకు అది పనికిరాదు. సైన్సు, టెక్నాలజీ కోర్సులు చేసినవాళ్లకు ఓపీటీలో మొదటి 12 నెలల మీద ఇంకో 24 నెలలు పొడిగింపు దొరుకుతుంది. క్రియేటివ్ రైటింగ్‌కు ఆ పొడిగింపు లేదు. 12 నెలలతో సరి. ఆ ఏడాదిలో దొరికే పనేంటంటే, కాలేజీల్లో ఒక్కో కోర్సుకు ఇంత అని ఇచ్చే టెంపరరీ పాఠాలో, ఏదైనా పత్రికలో చిన్న ఉద్యోగమో. ఆ సంపాదనతో లక్షల అప్పు తీర్చాలనుకున్న మనిషి ముందుగా మానుకునేది రాయడమే.

ఆ అమ్మాయి నాన్న లోను సంగతి కనుక్కుందామని ఒక బ్యాంకుకు వెళ్లారు. మేనేజరు మర్యాదగానే కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడిగాడట: "ఇది చదివినాక ఏం ఉద్యోగం వస్తుంది సార్?" ఆయన దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి కూతురి మీద కోప్పడ్డారు. నన్నడిగితే ఆ ప్రశ్నలో తప్పేం లేదు. అప్పిచ్చేవాడు అడగాల్సిన ప్రశ్నే అది. అందుకే ఆ ప్రశ్న అడగని డబ్బు వెతుక్కోవాలంటాను. ఫెలోషిప్పు ఇచ్చే విశ్వవిద్యాలయం మీ కథ చూస్తుంది. కథ నచ్చితే రెండేళ్లో మూడేళ్లో మీ తిండి ఖర్చు తను పెట్టుకుంటుంది. చదువయ్యాక ఏమవుతారని హామీ పత్రం అడగదు.

ఊళ్లో ఒక కన్సల్టెన్సీకి కూడా వెళ్లొచ్చింది. వాళ్లు కోర్సు పేరు విని, ఇంగ్లిష్ ఎంఏ ఉంది కాబట్టి బిజినెస్ కమ్యూనికేషన్ లాంటిది చూద్దామన్నారట. వాళ్లకు రోజూ వచ్చే పిల్లలు వేరు, వాళ్లు తెలుసుకున్న కాలేజీలు వేరు. ఈ వెతుకులాట మాత్రం ఎవరికి వాళ్లు చేసుకోవాల్సిందే.

డబ్బు ఏ ఊళ్లో ఉంటుందంటే

ఇక్కడ ఒక సంగతి అర్థమైతే మ్యాపు మీద మోజు చాలావరకు తగ్గుతుంది. ఎంఎఫ్ఏకు డబ్బు రెండు దారుల్లో వస్తుంది.

మొదటిది దాతలది. టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో మిచెనర్ సెంటర్ ఉంది. జేమ్స్ మిచెనర్ అనే రచయిత ఇచ్చిన విరాళంతో నడుస్తుంది. మూడేళ్ల కోర్సు, పాఠం చెప్పే పని కూడా పెట్టరు. మిషిగన్ విశ్వవిద్యాలయంలోని కోర్సుకు హెలెన్ జెల్ పేరు పెట్టారు. ఆ కుటుంబం నుంచి 2013లో 5 కోట్ల డాలర్లు వచ్చాయి. అక్కడ రెండేళ్ల చదువు పూర్తయ్యాక రాసుకోవడానికి ఇంకో ఏడాది ఫెలోషిప్పు కూడా ఉంది. ఇలాంటివి అరుదు.

రెండోది, ఎక్కువమందికి దక్కేది, టీచింగ్ అసిస్టెంట్‌షిప్. అమెరికాలో డిగ్రీలో చేరిన ప్రతి పిల్లవాడూ, ఇంజినీరింగైనా నర్సింగైనా, మొదటి ఏడాది దాదాపుగా ఒక రైటింగ్ కోర్సు చదవాలి. వేలమంది పిల్లలున్న ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి ఆ క్లాసులు చెప్పేవాళ్లు చాలామంది కావాలి. ఎంఎఫ్ఏ విద్యార్థులు ఆ పాఠాలు చెబుతారు, బదులుగా ఫీజు మాఫీ, స్టైపెండ్. అంటే డబ్బు ఉండేది పేరు మోసిన మహానగరంలో కాదు, డిగ్రీ పిల్లలు కిక్కిరిసిన యూనివర్సిటీ ఊళ్లో. అలబామాలో టస్కలూసా, ఫ్లోరిడాలో గేన్స్‌విల్, ఒరెగాన్‌లో యూజీన్, లూసియానాలో బ్యాటన్ రూజ్. తిరుపతిలో ఎవరి నోటా వినని పేర్లు. అందరూ విన్న న్యూయార్క్‌లోని కొలంబియాలో ఇదే కోర్సుకు చాలామంది ఫీజు సొంతంగా కట్టుకుంటారు, లేదంటే అప్పు చేస్తారు.

చిన్న ఊళ్లంటే మనవాళ్లకు ఎందుకో చిన్నచూపు. 1936లో మొదలై, ఇలాంటి కోర్సులన్నిటికీ దారి చూపిన రైటర్స్ వర్క్‌షాప్ ఐయొవా సిటీలో ఉంది. ఆ ఊరు జనాభాలో మన చిత్తూరు టౌన్ కన్నా చిన్నది. 2008లో యునెస్కో దాన్ని సాహిత్య నగరంగా గుర్తించింది. కార్నెల్ విశ్వవిద్యాలయం ఉన్న ఇథాకా శ్రీకాళహస్తి కన్నా చిన్న ఊరు. అక్కడ ఏటా తీసుకునేది మొత్తం ఎనిమిది మందినే, కథకు నలుగురు, కవిత్వానికి నలుగురు. ఎనిమిది మందికీ పూర్తి ఫండింగ్.

ఆ ఎనిమిది అన్న అంకె దగ్గర కాసేపు ఆగాలి. మిచెనర్ సెంటర్‌లోనూ ఏటా తీసుకునేది అతి కొద్దిమందినే, వచ్చే దరఖాస్తులు వందల్లో. బాగా రాసేవాళ్లకు కూడా నిరాశే ఎదురయ్యే చోట్లివి. టెక్సాస్ మాత్రమే అని గీత గీసుకుంటే చేతిలో మిగిలేది మిచెనర్, హ్యూస్టన్, ఇంకో కొన్ని. అందులోనూ అందరికీ పూర్తి ఫండింగ్ ఇచ్చేవి ఇంకా తక్కువ. అటువంటి రెండు తలుపులు తట్టి, అవి తెరుచుకోకపోతే "నాకు రాయడం రాదేమో" అని కుంగిపోయే పిల్లల్ని చూస్తే నాకు బాధ. వాళ్ల కథ కాదు ఓడింది, వాళ్లు గీసుకున్న గీత.

పోనీ ఎండ కావాలి, మంచు పడదు అనుకుంటే అది న్యాయమైన కోరికే. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే ఊళ్లో పుట్టి పెరిగిన ఒళ్లు ఇది. అలాంటప్పుడు డాలస్ అని పట్టుబట్టకుండా దక్షిణాది రాష్ట్రాలన్నీ చూసుకోవచ్చు. అలబామా, ఫ్లోరిడా, లూసియానా, మిసిసిపీ, అరిజోనా. మన ఎండను తలపించే చోట్లు అక్కడ కావలసినన్ని. ఒక ఊరు పట్టుకుని వేలాడితే అవకాశం ఒకటి, ఒక వాతావరణం కావాలనుకుంటే అవకాశాలు పది.

వాళ్లమ్మ అన్న మాట

వాళ్లమ్మ నాతో ఫోన్లో మాట్లాడింది. "మా యక్క డాలస్‌లో ఉండాది మేడమ్. ఆ పక్కనే యాడన్నా సూడండి. ఆడబిడ్డని ఊరు గాని ఊర్లో ఒంటరిగా ఎట్ల ఇడిసిపెట్టేది?" అంది. ఈ మాటను తీసి పారేయడం నాకు చేతకాదు. ఆ భయం వట్టి చాదస్తం కాదు. జ్వరమొస్తే గంజి కాచిచ్చే మనిషి దగ్గర్లో లేకపోవడం ఎట్లా ఉంటుందో ఇంటికి దూరంగా బతికినవాళ్లకు తెలుసు. పైగా ఇది చేరగానే పది మంది తెలుగు రూమ్మేట్లు ఉండే ఎంఎస్ చదువు కాదు. ఎంఎఫ్ఏ క్లాసులో మన భాష మాట్లాడే మనిషి ఇంకొకరు ఉండకపోవడమే మామూలు.

కానీ ఆ "పక్కనే" ఎంత పక్కనో చూడండి. డాలస్ నుంచి ఆస్టిన్ దాదాపు 300 కిలోమీటర్లు. తిరుపతి నుంచి బెంగళూరు వెళ్లినదానికన్నా ఎక్కువ. హ్యూస్టన్ ఇంకా దూరం. కారు లేని స్టూడెంట్‌కు అది వారం వారం వెళ్లొచ్చే దూరం కాదు. జ్వరమొచ్చిన రాత్రి పెద్దమ్మ గంజి అందే దూరం అంతకన్నా కాదు. రాష్ట్రం పేరు ఒకటే కావడం వల్ల ఇంట్లో వాళ్లకు కలిగే ధైర్యం నిజమే, కానీ ఆ ధైర్యానికి ఆధారం మాత్రం తక్కువ. అదే ధైర్యం ఆ కోర్సులో ఇప్పుడు చదువుతున్న ఇండియా అమ్మాయి ఒకరితో వాళ్లమ్మను మాట్లాడిస్తే ఎక్కువ కలుగుతుంది. రాత్రి లైబ్రరీ నుంచి గదికి యూనివర్సిటీ బస్సు ఉందా, ఆసుపత్రి ఎంత దూరం, బీమాలో ఏమేం వస్తాయి అని వాళ్లమ్మనే అడగనివ్వాలి. నేను ఇదే చెప్పాను. ఆమె వెంటనే ఒప్పుకోలేదు, ఆలోచిస్తానంది. అది చాలు.

చుట్టాల ఇంటి దగ్గర ఉండటంలో ఇంకో సంగతి ఉంది. చెప్పడానికి మొహమాటమే గానీ చెప్పాలి. మా బంధువుల అమ్మాయి ఒకతె పిన్ని వాళ్లింట్లో ఉండి ఎంఎస్ చేసింది. పిన్ని బాగా చూసుకుంది, ఆ విషయంలో ఒక్క మాట అనడానికి లేదు. కానీ శని, ఆదివారాలన్నీ పుట్టినరోజులు, వ్రతాలు, పిల్లల డాన్సు క్లాసులు. పరీక్షలుంటే పర్లేదు, "దానికి పరీక్ష" అంటే వదిలేస్తారు. "దానికి కథ రాసుకోవాలి" అంటే ఏ చుట్టం వదిలేస్తుంది? రాసేవాళ్లకు ఆ రెండు మూడేళ్లలో దక్కేది సమయమే. దాన్ని ప్రేమతోనే అయినా పంచుకుపోతే మిగిలేదేంటి?

అయితే ప్రాంతం కోరిక కాదు, తప్పనిసరి అయినవాళ్లు కొందరుంటారు. వాళ్లకు నా వాదం వర్తించదు, వర్తించాలని పట్టుబట్టను. చంటిబిడ్డ ఉన్న తల్లి, ఒకే ఊళ్లో వైద్యం చేయించుకోవాల్సిన మనిషి, భర్త హెచ్-1బి వర్క్ వీసా మీద ఒక ఊళ్లో ఉద్యోగం చేస్తున్న అమ్మాయి. ఈ చివరి రకం మన దగ్గర చాలామంది. పెళ్లయి హెచ్-4 వీసా మీద వెళ్లి, ఇంట్లో ఖాళీగా ఉన్న రోజుల్లో కథలు రాయడం మొదలుపెట్టినవాళ్లు. వాళ్లకు ఒక చిక్కుంది. హెచ్-4 మీద చదువుకోవచ్చు, కానీ పని అనుమతి లేకుండా టీచింగ్ అసిస్టెంట్‌షిప్ చేయకూడదు, ఎందుకంటే అది ఉద్యోగం కిందికే వస్తుంది. ఫండింగ్ అంతా ఆ పాఠాల మీద ఆధారపడ్డ చోట చేరాలంటే ఎఫ్-1 స్టూడెంట్ వీసాకు మారాల్సి వస్తుంది. అంటే వాళ్లు ఊరు చూసుకున్న మరుక్షణమే ఆ ఊళ్లో ఫండింగ్ ఎలా ఇస్తారో చూసుకోవాలి. డబ్బు సంగతి తప్పించుకునే దారి వాళ్లకూ లేదు. ఆ ఊళ్లో ఫండింగ్ ఉన్న కోర్సే లేకపోతే? అప్పుడు కూడా ఫీజు కట్టి చేరమని నేను చెప్పలేను. ఆ ఊరి లైబ్రరీలో కూర్చుని రాసుకోమంటాను. ఇది కఠినంగా ఉందని తెలుసు.

గంగ జాతర కథ

మా తెలుగు సార్‌ది వేరే అభ్యంతరం. ఆయన ఊరు గురించి కాదు, అసలు వెళ్లడం గురించే అడిగారు. "మన కథలు మన దగ్గర కూర్చుని రాస్తే కథలు కావా మేడమ్? రాయడం నేర్పమని అంత దూరం పోవాలా?" అన్నారు. పైగా ఆయన దగ్గర మంచి ఉదాహరణ ఉంది. డాక్టర్ కేశవరెడ్డి చిత్తూరు జిల్లా మనిషి. ఉద్యోగం నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో, కుష్ఠు రోగుల ఆసుపత్రిలో. అక్కడ డాక్టరుగా పనిచేస్తూ, ఈ జిల్లా పల్లెల్నీ పల్లె మనుషుల్నీ నవలల్లో నిలబెట్టారు. ఏ వర్క్‌షాపుకూ వెళ్లలేదు.

సార్ ఇది నన్ను ఓడించడానికి చెప్పారు గానీ నా వైపే పనికొచ్చే సాక్ష్యం ఇది. రాసే చోటు, రాయబడే చోటు ఒకటే కానక్కర్లేదు. డిచ్‌పల్లి దగ్గర కూర్చుని చిత్తూరు పల్లెను రాయగలిగితే, న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో కూర్చుని తిరుపతిని రాయొచ్చు. ఇక వెళ్లాలా వద్దా అంటే, కేశవరెడ్డికి పనితో పాటు రాసుకునే వీలు దొరికింది, లేదా ఆయన దొరకబుచ్చుకున్నారు. ఈ స్టూడెంట్ అమ్మాయికి వారానికి ఇరవైకి పైగా క్లాసులు, పేపర్లు దిద్దడం, అడ్మిషన్ల సీజన్లో ఊళ్లు తిరిగి పిల్లల్ని చేర్పించే డ్యూటీ. ఇంటికొచ్చేసరికి రాత్రి. ఎవరైనా జీతమిచ్చి రెండేళ్లు రాసుకోమంటే వెళ్లమనే అంటాను, అది ఏ దేశమైనా సరే. మన దగ్గరే అలాంటి ఏర్పాటు ఉంటే ఇంత దూరం మాట్లాడుకునే పనే ఉండేది కాదు.

సార్ మాటలో ఒక ముల్లు మాత్రం నాకు గుచ్చుకుంది, అది ఇంకా అక్కడే ఉంది. ఆ అమ్మాయి దరఖాస్తుకు పంపాలనుకున్న కథ తిరుపతి గంగ జాతర రోజుల్లో జరుగుతుంది. తాతయ్యగుంట గంగమ్మకు మొక్కున్న ఒక కుర్రాడు బండ వేషం కట్టుకుని వీధిలోకి వచ్చి, దారిన పోయే వాళ్ల నాన్నను వేషం మాటున నోటికొచ్చినట్టు తిడతాడు. ఆ రోజు వేషం కట్టినవాడి తిట్టుకు కోపం తెచ్చుకోకూడదు. ఏడాదంతా అణుచుకున్నది ఆ ఒక్కరోజు బయటపడుతుంది. తిరుపతిలో పుట్టినవాళ్లకు మొదటి పేరాలోనే కథ ఎక్కడికి పోతోందో తెలిసిపోతుంది. వర్క్‌షాపులో డజనుమంది టేబుల్ చుట్టూ కూర్చుని ఆ కథ మీద మాట్లాడతారు. పాత పద్ధతిలో అయితే రాసినవాళ్లు అంతసేపూ నోరు విప్పకూడదు కూడా. ఈ బండ వేషం ఏంటి, తండ్రి ఎందుకు ఊరుకున్నాడు, ఇది మతమా నాటకమా అని వాళ్లు తేల్చుకోలేక, వివరణ చేర్చమంటారు. ఆ మాట విని ఆమె కథలోకి నాలుగు పేరాల జాతర చరిత్ర ఎక్కిస్తే కథ చచ్చిపోతుంది.

ఇది నిజమైన ప్రమాదం. కానీ ప్రాంతం మారిస్తే ఇది తప్పుతుందా? డాలస్ చుట్టూ తెలుగువాళ్లు వేలల్లో ఉండొచ్చు, ఆస్టిన్‌లోని వర్క్‌షాపు టేబుల్ దగ్గర వాళ్లెవరూ ఉండరు. గంగమ్మ సంగతి తెలియనితనం ఐయొవాలో ఎంతో టెక్సాస్‌లోనూ అంతే. తేడా వచ్చేది టీచర్ల దగ్గర. వేరే దేశం, వేరే భాష నేపథ్యం నుంచి వచ్చి ఇంగ్లిష్‌లో రాసే రచయిత ఆ కోర్సులో చెబుతుంటే, ఏది వివరించాలో ఏది వదిలేయాలో ఆ మనిషికి ఒంటితో తెలిసి ఉంటుంది. అందుకే రాష్ట్రం గడి కొట్టేసి అక్కడ టీచర్ల పేర్లు రాసుకోమన్నాను. వాళ్ల పుస్తకాలు ఒక్కొక్కటైనా చదవమన్నాను. చదివాక నచ్చని టీచర్లున్న కోర్సు ఎంత ఎండ కాసే ఊళ్లో ఉన్నా తీసేయొచ్చు. ఆ టీచరు మీరు చేరే ఏడాదికి సెలవులో ఉన్నారేమో కూడా కనుక్కోవాలి. అది మామూలుగా జరిగేదే.

ఈ గడ్డ మీదికి దూరం నుంచి వచ్చి రాసుకున్నవాళ్లు లేరా? 1919లో టాగోర్ మదనపల్లెలో ఉన్నప్పుడే జనగణమనకు ఇంగ్లిష్ రూపం ఇచ్చారు. ఆయన పుట్టిన చోటుకూ మదనపల్లెకూ ఉన్న దూరం ఆ కాలానికి తక్కువేం కాదు.

ఆఫర్ లెటర్ చదవడం

ఫండింగ్ అన్న మాట ఒక్కటే చూసి సంబరపడకూడదు. "మీకు 10 వేల డాలర్ల స్కాలర్‌షిప్ ఇస్తున్నాం" అని ఉత్తరం వస్తుంది. ఇంట్లో స్వీట్లు పంచుతారు. ఏడాది ఫీజు 50 వేలు అయితే మిగతా 40 వేలు, దాని మీద ఇంటద్దె, తిండి ఎవరివి? పూర్తి ఫండింగ్ అంటే ఫీజు మొత్తం మాఫీ, స్టైపెండ్, బీమా. అందులోనూ విడిగా కట్టాల్సిన ఫీజులు కొన్నుంటాయి, మాఫీలో అవి కలిశాయో లేదో అడగాలి. స్టైపెండ్ చోటును బట్టి ఏడాదికి 15 వేల డాలర్ల నుంచి 30 వేలు దాటే దాకా ఉంటుంది. దాన్ని ఆ ఊరి అద్దెతో కలిపి చూడాలి. కాలిఫోర్నియాలో అర్వైన్ విశ్వవిద్యాలయం కోర్సు చాలా పేరున్నది, ఫండింగ్ ఉంది, కానీ ఆ ఊళ్లో అద్దెలు విపరీతం. అలబామాలో తక్కువ స్టైపెండ్‌తోనే నెలాఖరుకు చేతిలో కొంత మిగలొచ్చు.

ఇంకొకటి, స్టైపెండ్ తొమ్మిది నెలలకా, పన్నెండు నెలలకా? చాలాచోట్ల తొమ్మిదే. ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు వేసవిలో బయటెక్కడో హోటల్లో పనిచేసుకుంటామంటే కుదరదు, క్యాంపస్‌లోనే వెతుక్కోవాలి. మే నుంచి ఆగస్టు దాకా ఏం తింటారో ముందే తెలియాలి. పెద్దమ్మ ఇల్లు నిజంగా ఉపయోగపడేది ఆ మూడు నెలలకు. అప్పుడు సిరక్యూస్ నుంచి వచ్చినా ఆస్టిన్ నుంచి వచ్చినా ఒకటే, ఒక్క టికెట్టు తేడా.

పాఠాలు ఎన్ని చెప్పాలో కూడా చూడాలి. సెమిస్టర్‌కు ఒక క్లాసు అయితే రాసుకోవచ్చు. రెండైతే పేపర్లు దిద్దడంతోనే సరిపోతుంది, ఇక్కడి బతుకే అక్కడికి మోసుకెళ్లినట్టు. బోస్టన్ విశ్వవిద్యాలయం లాంటి ఏడాది కోర్సులూ ఉన్నాయి, త్వరగా అయిపోతుంది కానీ రాసుకోవడానికి దక్కేదీ ఏడాదే. ఇంటి నుంచే చదివి ఏడాదికి రెండుసార్లు కొద్ది రోజులు వెళ్లొచ్చే లో-రెసిడెన్సీ కోర్సులు మనకు పనికిరావు. వాటికి ఫండింగ్ తక్కువ, ఎఫ్-1 వీసాకు పూర్తికాలం క్యాంపస్‌లో చదవాలి.

వెతకడానికి పోయెట్స్ అండ్ రైటర్స్ పత్రిక వాళ్ల ఎంఎఫ్ఏ డేటాబేస్ పనికొస్తుంది. అయినా చివరికి ప్రతి విశ్వవిద్యాలయం సొంత పేజీలో, ఆ ఏడాదిది, చదివి నిర్ధారించుకోవాలి. బడ్జెట్ కోతల వల్ల కొన్నిచోట్ల సీట్లు తగ్గిస్తున్నారు, కొన్నిచోట్ల ఒక ఏడాది అడ్మిషన్లే ఆపేస్తున్నారు. రెండేళ్ల కింద ఎవరో చెప్పిన లిస్టు నమ్ముకుంటే ఫీజు దండగ. దరఖాస్తు ఫీజు ఒక్కోదానికి 50 నుంచి 100 డాలర్లు, అంటే నాలుగు వేల నుంచి ఎనిమిది వేల పైన. దాని మీద ఐఈఎల్‌టీఎస్, తర్వాత సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు నమోదు చేసే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు. ప్రైవేటు కాలేజీ లెక్చరర్ జీతం తెలిసినవాళ్లకు ఇవి చిన్న మొత్తాలు కావు. ఫీజు మినహాయింపు అడిగితే కొన్నిచోట్ల ఇస్తారు. అడగడానికి సిగ్గుపడొద్దు.

సిఫార్సు ఉత్తరాలు మూడు కావాలి. ఆమెకు ఇష్టమైన ప్రొఫెసరు ఒకరు రిటైరయ్యారు, కంప్యూటర్ జోలికి పోరు. ఆయన తెల్ల కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, కవర్లో పెట్టి ఇచ్చారు. అక్కడ ఉత్తరాన్ని రాసినవాళ్లే ఆన్‌లైన్‌లో పెట్టాలి, మనం పంపకూడదు. ఆయన మనవడు పక్కన కూర్చుని టైపు చేశాడు. ఆ ఉత్తరంలో ఆయన "క్రమశిక్షణ గల విద్యార్థిని" అని రాయలేదు. ఆమె రాసిన ఒక కథలో అవ్వ పాత్ర మాట్లాడే తీరు గురించి అరపేజీ రాశారు. అది చదివి నాకు చాలా సంతోషమేసింది. కావాల్సింది సరిగ్గా అదే.

దరఖాస్తుల గడువులు ఎక్కువగా డిసెంబర్, జనవరిల్లో. ఫలితాలు ఫిబ్రవరి నుంచి మార్చి దాకా వస్తుంటాయి. ఫండింగ్‌తో సీటు ఇచ్చిన చోటుకు ఏప్రిల్ 15 లోపు జవాబు చెప్పమని తొందరపెట్టకూడదని అక్కడి చాలా గ్రాడ్యుయేట్ స్కూళ్లు ఒక ఒప్పందం చేసుకున్నాయి. కాబట్టి మార్చిలో ఒక ఉత్తరం రాగానే భయంతో ఒప్పేసుకోనక్కర్లేదు. ఇంకోచోట వెయిటింగ్ లిస్టులో ఉంటే ఆ తేదీ దాకా ఆగి చూడొచ్చు.

ఆ ఏప్రిల్‌కు ఆమె చేతిలో రెండు ఉత్తరాలుండి, ఒకటి ఆస్టిన్ నుంచి, ఇంకోటి ఇథాకా నుంచి వస్తే, అద్దె తీసేశాక మిగిలే డబ్బు దగ్గర దగ్గరగా ఉంటే, ఆస్టిన్‌కే వెళ్లమంటాను. వాళ్లమ్మ ఆ రాత్రి నిద్రపోతుంది, అది కూడా చిన్న విషయం కాదు. ఒక్క ఉత్తరమే వచ్చి, అది సిరక్యూస్ నుంచి అయితే, అమెరికాలో మంచు బాగా కురిసే ఊళ్లలో అదొకటని తెలిసే, వెళ్లమంటాను. మొదటి స్టైపెండ్ చేతికి రావడానికి చేరాక కొన్ని వారాలు పడుతుంది. కాబట్టి గది అడ్వాన్సుకూ, మంచి కోటుకూ, బూట్లకూ సరిపడా డబ్బు ఇక్కడి నుంచే పట్టుకెళ్లాలి. ఆ మొత్తం ఎంతవుతుందో వాళ్ల నాన్న ఇప్పుడే లెక్కలు వేస్తున్నారట. బ్యాంకుకు వెళ్లకుండా సర్దగలిగే మొత్తమే అది.